బేకరీలో బోదురు కప్ప

“ఇది ఏం తింటోందండీ?”

బేకరీ యజమాని పరుగున వచ్చాడు. అంతవరకూ టార్చిలైటు వేసి బల్లల కిందా, అరల వెనకా వెతికిన కళ్ళజోడాయన ఇప్పుడు ఓవెన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా, పిండి బస్తాల సందులో బోర్లించిన డబ్బా మీద, అరచేతిలో పట్టనంత బోదురు కప్ప ఒకటి కొట్టంతా తనదే అన్నట్టు కొలువుతీరి ఉంది.

మునిసిపాలిటీ నుంచి ఇన్‌స్పెక్టర్ ఇవాళ తనిఖీకి వస్తున్నారని పొద్దున్నే కబురందింది. నిన్ననే పక్క వీధి హోటలుకి తాళం పడింది.

“అది మా పెంపుడు కప్పండీ,” అన్నాడు యజమాని. “మా ఆవిడకి కప్పలంటే ప్రాణం.”

గల్లాపెట్టె దగ్గరున్న భార్య మొగుడి వంక కొరకొరా చూసింది.

“మరి ఏం పెడుతున్నారు?”

“బ్రెడ్డు ముక్కలండీ. బేకరీ కదా, ఇంకేం పెడతాం!”

“బ్రెడ్డా? కదలని వస్తువు వంక ఇది కన్నెత్తయినా చూడదండీ. చెరువులో ఉంటే చేపపిల్లలు, మిడతలు, ఎలుక పిల్లలు, చిన్న చిన్న పిట్టలు, ఆఖరికి సాటి కప్పలు... నోట్లో పట్టేది ఏది కదిలినా గుటుక్కున మింగేస్తుంది. ఇళ్ళల్లో పెంచుకునేవాళ్ళు వానపాములు, బతికున్న కీచురాళ్ళు వేస్తారు. బ్రెడ్డు పెడితే ఇంత నిగనిగలాడుతుందా?”

ఈస్టు వెయ్యడం మరిచిపోయిన పిండిలా తన అబద్ధాలు ఏనాడూ పొంగలేదని యజమానికి గుర్తొచ్చింది. అయినా ఇంకొకటి కలిపాడు.

“బ్రెడ్డు నాకండీ. దానికి రొయ్యలు. పట్టకారుతో పట్టుకుని ఆడిస్తాం.”

“ఏదీ, ఒక్కసారి ఆడించండి.”

భార్య లోపలికెళ్ళి, రాత్రి కూరకి ఉంచుకున్న రొయ్యల్లోంచి ఒకటి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. అతను కేకులు తీసే పట్టకారుతో దాన్ని పట్టుకుని, అడ్డొస్తున్న బొజ్జని సర్దుకుని, వంగి అటూ ఇటూ ఊపాడు. కప్ప చలించలేదు. రొయ్యని గెంతించాడు. రొయ్యతో పాటు తానూ గెంతాడు. కప్ప తీరిగ్గా ఒక్కసారి రెప్ప వాల్చి తెరిచింది. మా ఇద్దరిలో కప్ప ఎవరో చూసేవాళ్ళు పోల్చుకోలేరు అనుకున్నాడు యజమాని. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆకలి లేనట్టుందండీ,” అన్నాడు రొప్పుతూ.

“అదే నా అనుమానం. దీనికి కడుపునిండా ఏదో దొరుకుతోంది. పురుగుల మందు కొడుతున్నారా?”

కొడుతున్నామంటే తినే సరుకు పక్కన విషం పెట్టినట్టు. కొట్టడం లేదంటే పురుగుల్ని పెంచుతున్నట్టు.

“కొడుతున్నట్టే... అంటే, కొట్టనట్టేనండీ.”

“సరిగ్గా చెప్పండి! ఇది ప్రాణాలతో వ్యవహారం.”

సరిగ్గా అప్పుడే ఓవెన్ వెనక నుంచి ఒక బొద్దింక షికారుకి బయల్దేరింది. ముగ్గురూ చూశారు. కప్ప కూడా చూసింది. ఒక్క దూకు. మీసాలు మాత్రం కాసేపు దాని నోటి బయట ఆడి, అవీ లోపలికి పోయాయి.

యజమాని పట్టకారు కింద పెట్టేశాడు.

“మందు కొట్టలేదు సార్. చుక్క కూడా కొట్టలేదు. ఇది డ్రైనేజీ గొట్టంలోంచి వచ్చింది. వచ్చినప్పటినుంచీ బొద్దింకల సంగతి అదే చూసుకుంటోంది. నేనొట్టి సోమరిపోతుని. నిజం చెప్పాలంటే ఈ కొట్లో ఒళ్ళొంచి పనిచేసేది ఇదొక్కటే. ఇక తాళం వేసుకోండి.”

కళ్ళజోడాయన కళ్ళు చెమ్మగిల్లాయి.

“మందు కొట్టలేదు కదా! హమ్మయ్య! ఇది మాదేనండీ. మొన్న వానకి తొట్టి మూత తోసుకుని పారిపోయింది. మందు పడ్డ పురుగుల్ని తిని ఎక్కడ చచ్చిందోనని బెంగపెట్టుకున్నాం. పొద్దుట్నుంచీ కొట్టుకొట్టుకీ తిరుగుతున్నాను.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!”

“మీరు చెప్పనిస్తేగా? గుమ్మంలోనే ‘రండి సార్, అంతా చూసుకోండి’ అంటూ లోపలికి లాక్కొచ్చారు.”

యజమానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పగలబడి నవ్వాడు. ఇంతలో ఒకావిడ గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి కౌంటరు దగ్గర నిలబడింది. “ఒక్క నిమిషమమ్మా,” అని ఆమెకి చెప్పి, మళ్ళీ ఇటు తిరిగాడు.

“మీరే ఇన్‌స్పెక్టర్ అనుకుని ఎంత చచ్చానో! ఆయనే వచ్చుంటే నా పని గోవిందా. ఓవెన్ వెనక బొద్దింకలు కాపరాలు పెట్టాయి. బస్తాల కింద ఎలకలు పురుళ్ళు పోసుకుంటున్నాయి. నాలాంటి దద్దమ్మ కూడా ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడంటే, ఆ ఇన్‌స్పెక్టర్ నన్ను మించిన దద్దమ్మ అయ్యుండాలి!”

కళ్ళజోడాయన కప్పని రెండు చేతులా ఎత్తుకుని, గొడుగావిడ వైపు తిరిగాడు.

“ఏమేవ్ ఇన్‌స్పెక్టరమ్మా, నీ తనిఖీ తర్వాత చేసుకుందువు గాని, ముందిటు రా! మన కప్ప దొరికింది!”