మట్టింటి మర్యాద

నన్ను కాదన్నవాడు కొత్త పెళ్ళాం వెనకాలే నా ట్రావెల్ ఆఫీసులోకి వచ్చాడు. నన్ను చూసి గతుక్కుమన్నాడు. అయినా ఎరగనట్టే కూర్చున్నాడు.

"హనీమూన్‌కి చెట్టూ పుట్టా పాడవని చోటు చెప్పండి. మా వల్ల అక్కడివాళ్ళకి నాలుగు మెతుకులు దక్కాలి," అంది ఆమె.

"కొండ మీద ఓ మట్టిల్లుంది. ఒక పెద్దావిడ నడుపుతుంది. కరెంటుండదు. నీళ్ళు ఊట నుంచి మోసుకోవాలి. వచ్చేసే ముందు మగవాళ్ళే ఇల్లంతా మట్టితో అలకాలి. అది ఆ ఇంటి మర్యాద."

"అలకడమేంటి! ఇంకోటి చూపించండి," అన్నాడు వాడు.

"నాకిదే నచ్చింది," అందామె.

'మట్టింటి సంబంధం నాకొద్దు' అని కబురంపి, కుదిరిన పెళ్ళి ఎగ్గొట్టినవాడు వీడే. ఆ ఇల్లు మా అమ్మది. గడపైనా తొక్కలేదు కనక వీడికి తెలీదు. ఆ మర్యాద కూడా నేనిప్పుడే పుట్టించాను. అలకనీ, మోకాళ్ళు కొట్టుకుపోయేలా అలకనీ!

వాడు ఫోనొచ్చి బయటికెళ్ళాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మట్టింటి సంబంధమొకటి తప్పించుకున్నానని పెళ్ళైన మర్నాడే నవ్వుతూ చెప్పాడండీ. నన్ను పెంచిన అమ్మమ్మది మట్టిల్లే. ఆ పిల్లెవరో, ఎక్కడ పనిచేస్తుందో వాకబు చేసుకునే వచ్చాను. ఆ పెద్దావిడ మీ అమ్మగారే కదూ?"

తలూపాను.

"ఈయన పనంటే మూలలు వదిలేసే రకమండీ. దగ్గరుండి అలికించమనండి."