మచ్చ కట్టేలోపు

పక్క మంచం మీది మనిషి మళ్లీ ట్రేలోకి ఉమ్మాడు.

వెంకటాచలపతి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

చింతాద్రిపేటలో ఆయనది కాగితాల హోల్‌సేల్ వ్యాపారం. గుండెపోటు వచ్చిన రోజే స్టెంటు వేశారు. ఇప్పుడు తేరుకుంటున్నాడు.

పక్కాయన అరుముగం. పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో రంగులు వేసి రిటైరైనవాడు. ఆయనకీ అదే రోజు గుండెపోటు. ఎప్పుడూ దగ్గు, ఎర్రటి నురగ కళ్లె, చెమట కంపు. ముద్ద నోట్లో పెట్టుకోబోతే ఆ చప్పుడుకి వెంకటాచలపతి కంచం పక్కకి నెట్టేసేవాడు.

దానికి తోడు, తెల్లారితే వచ్చీరాని తెలుగులో పలకరింపు.

"ఎట్లుండాది సార్ ఇప్పుడు?"

వెంకటాచలపతి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

గది మార్పించమని భార్య జయంతిని సతాయించాడు. ఎక్కడా ఖాళీ లేదంది ఆమె.

"పాపం, చూసేవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేరు. ఇడ్లీ పెట్టి ఇచ్చేదా?"

"ఇస్తే ఆ గిన్నె మళ్లా ఇంటికి తేవద్దు."

అరుముగం కళ్లు మూసుకున్నాడు.

డాక్టర్ మైత్రి వచ్చినప్పుడు, కనీసం ఆయన్నైనా వేరేచోటికి పంపమన్నాడు వెంకటాచలపతి.

కదిలించే స్థితి కాదని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "మీకు గుండెలో చచ్చిన కండ కొంచెమే. వాపు తగ్గి మచ్చ కడతా ఉంది. ఆయనకి చికిత్స ఆలస్యమైంది. గుండె గోడలో పెద్ద ముక్కే చచ్చిపోయింది. చచ్చిన కండని ఒళ్లు ముందు కరిగించి తీసేస్తుంది, ఆ తర్వాతే మచ్చ గట్టిపడేది. అందాకా గోడ మెత్తగా ఉంటుంది. అదే భయం."

ఇట్లాంటివాళ్లు టయానికి ఆస్పత్రికి రారు అనుకున్నాడు వెంకటాచలపతి.

మరునాడు మధ్యాహ్నం అరుముగం దగ్గబోయి ఆగిపోయాడు. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. చేసేదేమీ లేకపోయింది. గుండె గోడ చిరిగిపోయింది.

సాయంత్రం నర్సు శరణ్య ఆ మంచం మీది దుప్పటి తీస్తోంది.

"ఫినాయిలు పోసి బాగా కడిగించమ్మా," అన్నాడు వెంకటాచలపతి. "టయానికి వచ్చుంటే బతికుండేవాడు."

శరణ్య చేతులు ఆగాయి.

"మీకన్నా ముందే వచ్చినాడు సార్. స్టెంటు వేసే టేబుల్ మీద పడుకోబెట్టినాం కూడా. అంతలో మిమ్మల్ని తెచ్చినారు, మీ గుండె ఆగి ఆగి కొట్టుకుంటా ఉండె. మాకు ఉండేది ఒకటే టేబుల్."

ఆమె దుప్పటి మడిచి గుండెకి ఆనించుకుంది.

"ఆయన్ని ముందు చూడండి, నేను ఓర్చుకుంటానని తనే దిగిపోయినాడు."