తవ్వినవాడే పూడ్చాలి

"నిన్నటి చొక్కాతోనే వచ్చావేంటయ్యా? కళ్లు చూడు, చింతనిప్పుల్లా ఉన్నాయి" అంటూ పెద్దాయన లాబీలో దారికడ్డంగా నిలబడ్డాడు.

పెద్దాయన అధికారపక్షం విప్. తన పార్టీవాళ్లు ఎప్పుడు ఏ వైపు ఓటెయ్యాలో చెప్పే మనిషి. కుర్రాడిదీ ఆ పార్టీయే. మొదటిసారి గెలిచి శాసనసభకి వచ్చాడు.

"రాత్రి నిద్ర లేదండి."

"బిల్లు కోసం నిద్ర మానుకోవడం దేనికి? టీచరమ్మ కోలుకుని వచ్చాక తీరిగ్గా చూసుకుందాం. ఆవిడ లేకుండా ఆవిడ బిల్లు పెడితే మర్యాదగా ఉండదు."

"మళ్లీ సభ అంటే ఎన్నికల తర్వాతే కదండీ. ఇవాళ పోతే బిల్లు పోయినట్టే. మర్యాదలు తర్వాత చేద్దురుగాని, పెద్దాయనా."

పెద్దాయన మూతి ముడుచుకుని పక్కకి తప్పుకున్నాడు.

టీచరమ్మది ప్రతిపక్షం. రాజకీయాల్లోకి రాకముందు బళ్లో పాఠాలు చెప్పేది. ఒక సోమవారం హాజరు పిలుస్తుంటే రెండు పేర్ల దగ్గర ఎవరూ పలకలేదు. రాయి కోసం తవ్వి, పనైపోయాక వదిలేసిన గోతిలో వాననీళ్లు నిండాయి. ఆదివారం ఈతకి దిగిన ఆ ఇద్దరు పిల్లలూ మళ్లీ పైకి రాలేదు. ఆ గొయ్యి తవ్వించిన కాంట్రాక్టరు, కుర్రాడి సొంత పెదనాన్న.

సభలో ఆవిడ ఆ సంగతి ఎత్తినప్పుడు కుర్రాడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఆ గొయ్యి చూసొచ్చాడు. మర్నాడు క్యాంటీన్‌లో ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఏం చేద్దాం అక్కా?" అన్నాడు. అప్పట్నించి ఇద్దరిదీ ఒకటే మాట. తవ్వినవాడే పూడ్చాలి, పూడ్చకపోతే జైలుకెళ్లాలి. లోపల పార్టీల కోసం గొంతు చించుకుని అరుచుకునేవాళ్లు, బయటికొచ్చి ఒకే బల్ల దగ్గర టీ తాగుతూ బిల్లు రాసుకునేవాళ్లు. ముసలి సభ్యులు వాళ్లకి 'కవలలు' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. పెదనాన్న మాత్రం కుర్రాణ్ణి గడప తొక్కనివ్వడం మానేశాడు.

నిజానికి బిల్లు పోయిన వారమే రావాలి. ఆ పొద్దున వృద్ధ సభ్యుడొకాయన కన్నుమూశాడు. సభ్యుల్లో ఎవరు పోయినా సంతాపం చెప్పి, ఆ రోజుకి సభ మూసెయ్యడం అక్కడి ఆనవాయితీ. అలా జరిగి జరిగి బిల్లు ఆఖరి రోజు మీద పడింది. అప్పటికే ఆసుపత్రివాళ్లు ఇక మా చేతుల్లో లేదని టీచరమ్మని ఇంటికి పంపేశారు. ఆ సంగతి సభలో కుర్రాడికి తప్ప ఎవరికీ తెలియదు. బిల్లు వాయిదా పడిన కబురు విని ఆవిడ మంచం మీద నుంచే నవ్వింది.

"ముసలాయన పోతూపోతూ మన బిల్లుని కూడా వెంటబెట్టుకెళ్తాడేమోరా తమ్ముడూ! చూడు, ఎవరేమైనా సరే, ఈసారి ఆగకూడదు. మాటియ్యి."

కుర్రాడు మాటిచ్చాడు.

ఇప్పుడు మెట్ల కింద నిలబడి ఆవిడ భర్తకి ఫోన్ చేశాడు.

"బావగారూ, ఎవరైనా వచ్చారా?"

"ఎవర్నీ రానివ్వలేదు. తలుపేసుకుని పక్కనే కూర్చున్నాను. ఇంకెంతసేపు?"

"మధ్యాహ్నానికి అయిపోతుందండి. పాపో?"

"లేచింది. అమ్మని లేపొద్దని చెప్పాను."

"కాస్త ఓర్చుకోండి బావగారూ."

"నా సంగతి వదిలెయ్. మీ అక్కకిచ్చిన మాట చూడు."

సభలో బిల్లు మీద చర్చ మొదలైంది. పెద్దాయన లేచి, "పిల్లల్ని కనిపెట్టుకోవాల్సింది కన్నవాళ్లు. వాళ్లనొదిలేసి గోతుల మీద పడితే ఎలా?" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "ముందు మీ పెదనాన్న గోతి సంగతి తేల్చవయ్యా!" అని అరిచారు. సభంతా గొల్లున నవ్వింది.

"మొదటి కేసు ఆయన మీదే పెట్టండి" అన్నాడు కుర్రాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాటకి కుర్రాడు ఎంత ఖరీదు కట్టాడో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

పేరుపేరునా పిలిచి ఓట్లు అడగడం మొదలుపెట్టారు. టీచరమ్మ పేరు వచ్చింది. ఎవరూ పలకలేదు. ఖాళీ కుర్చీ వైపు చూడలేక కుర్రాడు బల్ల అంచు గట్టిగా పట్టుకుని తలొంచుకున్నాడు. కార్యదర్శి గైర్హాజరని రాసుకుని తర్వాతి పేరు పిలిచాడు.

పెద్దాయన వంతు వచ్చింది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి ఎవరి మొహమూ చూడకుండా, "అనుకూలం" అన్నాడు. ఆయన్ని చూసి మరికొందరు అటే మొగ్గారు. బొటాబొటిగా బిల్లు గట్టెక్కింది.

రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. పెద్దాయన వచ్చి కుర్రాడి భుజం తట్టాడు.

"నేనూ ఓటేశానని టీచరమ్మకి మరీమరీ చెప్పు. లేకపోతే వచ్చాక నన్ను బెంచీ ఎక్కిస్తుంది."

కుర్రాడు తలూపాడు.

"ఆ సోదరికి ఈ సభ అభినందనలు అందజెయ్యవయ్యా. ఇంక ముగిద్దామా?" అన్నాడు స్పీకరు, నవ్వుతూ.

కుర్రాడు మైకు ముందుకొచ్చాడు. "ముగించేముందు ఒక మర్యాద మిగిలిపోయింది, అధ్యక్షా. అందరూ దయచేసి లేచి నిలబడాలి."

చప్పట్లు కొట్టడానికి అనుకుని పెద్దాయన అందరికన్నా ముందే లేచాడు. ఆయన వెనక సభంతా లేచింది.

"అక్క తెల్లవారుజామునే పోయింది."