ముందు వరసలో నవ్వు

“నాకు చెప్పకుండ షూటింగ్‌కు ఎప్పుడు పోయినవ్?”

చిట్యాలలోని తమ టిఫిన్ సెంటర్లో దోసె వేస్తున్న భార్య నిరోష ముందు కమలాకర్ ఫోను పెట్టాడు.

టీవీలో రాత్రిపూట వచ్చే కామెడీ షో నుంచి ఐదేళ్ల క్రితం అతణ్ని తీసేసి, అతని అత్త వేషం సురేశ్‌కిచ్చారు. అప్పటి నుంచీ షోకు కళ తప్పింది. నిన్నటి ఎపిసోడ్‌లో మాత్రం, సురేశ్ జోకుకు ముందు వరసలో నిరోష పడీపడీ నవ్వుతోంది.

“వాని జోకుకు గంత నవ్వెట్ల వచ్చిందే?”

నిరోష ఫోనులోకి తొంగి చూసింది. “జర నా కడుపు జూడు. గా కడుపుల ఉన్నది మన బిడ్డ. ఇప్పుడది బడికి పోతాంది.”

కమలాకర్ మళ్లీ చూశాడు. నవ్వేవాళ్లు దొరక్క, తన షూటింగ్‌లో ఆమె నవ్విన పాత నవ్వునే సురేశ్‌కు అతికించారు!

“అయితే నా ఏ జోకుకు నవ్వినవ్?” ఆశగా అడిగాడు.

“జోకెక్కడిది? చీర కాళ్లకు తట్టుకొని బొక్కబోర్ల పడ్డవ్ గద!”