గండికోట వంటామె

సాల్మియాలో కువైటీల ఇంట్లో వంట చేసే మునిలక్ష్మికి, రాయచోటి నుంచి కూతురు పావని రోజూ ఫోన్లో ఒక నవల చెబుతోంది. ఈరోజు ఆఖరి భాగం.

గండికోట రాజుగారి వజ్రం కోసం కావలివాణ్ణి చంపింది సేనాపతే. వజ్రాన్ని వంటింట్లో ఇంగువ డబ్బాలో దాచాడు. అతని చేతి వాసన పసిగట్టి, నిండుసభలో పట్టించింది కోటలో వంటామె!

మునిలక్ష్మి గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టింది.

"అట్లుండాల! శుక్రవారం సెలవు గదా, మా వంటోళ్లందరికీ చదివి వినిపిస్తా. మీ చిన్నాయన వస్తాండాడు, ఆ బుక్కు ఇచ్చి పంపు."

"వద్దుమా! ఆ బుక్కు బాగలేదు."

"ఇన్నాళ్లూ ఊరించి ఊరించి చెప్పి, ఇప్పుడు బాగలేదంటావేందే?"

పావని కాసేపు నసిగింది.

"దాంట్లో రాసినాయన వంటామెనే దొంగను చేసినాడుమా. నేను ముందే అంతా చదివేసినా. రోషమొచ్చి, నీకు మార్చి చెప్పినా."

అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"అయితే బుక్కు వద్దులే. శుక్రవారం నువ్వే ఫోన్లో చెప్దువు. ఆ ఇంగువ కాడ మాత్రం ఇంకాస్త సాగదీయి!"