ప్రశ్న వేయని మనిషి

"ఇంతకు ముందు చేసినాయన ఎందుకు మానేశాడు సార్?" ఐదో మనిషి కూడా అదే అడిగాడు.

మేనేజరు అతని దరఖాస్తును చెత్తబుట్టలో పడేశాడు. ఫ్యాక్టరీ బాయిలరు దగ్గర నోరున్నవాళ్లు పనికిరారు. ప్రశ్న వేసినవాణ్ని ఏరిపారేయడం, ఆయన జల్లెడ అదొక్కటే. దాంతో పొద్దున్నుంచీ ఎంపిక చకచకా సాగుతోంది.

ఆరో మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జీతం సంగతి కూడా ఎత్తలేదు.

"నువ్వేమీ అడగవా?"

"అక్కర్లేదు సార్."

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే నియామక పత్రం మీద సంతకం చేసి ఇచ్చాడు.

అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఆ బాయిలరు దగ్గర కాలిపోయింది మా అన్నయ్యే సార్. పదండి, పని మీరే దగ్గరుండి చూపించాలి."