ఎల్లుండి రమ్మన్నారు

"గుండె ఎకో ఎల్లుండి తీస్తారు. ఇవాళ్టి లిస్టు అయిపోయింది," అన్నాడు కౌంటర్లో గుమస్తా, తలెత్తకుండానే.

"ఎల్లుండి దాకా కొట్టుకోమని ఆ గుండెకి మీరు చెప్తారా?" అంది కండక్టరమ్మ.

కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు అది. హాల్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. గుమస్తా కూడా ఈసారి తలెత్తాడు.

"చీటీ మీద అర్జెంటని లేదు కదమ్మా. నేనేం చెయ్యను?"

ఆమె పక్కనే ఒక అమ్మాయి నిలబడి ఉంది, భుజాన నాలుగేళ్ల పాపతో. పాప కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెదాలు పగిలిపోయాయి. మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు.

"గొడవెందుకక్కా? ఎల్లుండే వద్దాం లెండి," అంది ఆ అమ్మాయి బెదురుగా.

"నువ్వూరుకో. పాపని గట్టిగా పట్టుకుని నా వెనకే రా."

డాక్టరు గది ముందు ఆయా చెయ్యి అడ్డం పెట్టింది. డ్యూటీ యూనిఫాంలో ఉన్న కండక్టరమ్మ ఆ చెయ్యిని ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి తప్పించినంత సులువుగా తప్పించి లోపలికి నడిచింది.

"చీటీ మీద అర్జెంటని రాయండి."

కుర్ర డాక్టరు చిరాకు పడ్డాడు. "ఇందాకే చూశాను కదమ్మా. వైరల్ వచ్చి తగ్గాక పిల్లలకి ఇలా మామూలే. ఎకో జాగ్రత్త కోసం రాశానంతే."

"ఏది మామూలు? ఐదు రోజుల నించి జ్వరం. నెల కిందట ఇంటిల్లిపాదికీ వైరస్ వచ్చింది. అది పోయిందనుకుంటే ఇది పట్టుకుంది. దద్దుర్లు, కళ్లెరుపు, కడుపునొప్పి. ఇవన్నీ కలిస్తే ముందు గుండె చూడాలని నాకే తెలిసినప్పుడు మీకు తెలీదా?"

"మీరు కంగారు పడుతున్నారు. పాప ఇంట్లో ఆడుకుంటోందన్నారు కదా?"

అంతే, ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆడుకుంటోంది కదా అనే మీరు ఇంటికి పంపేది! పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి చల్లబడిపోతే ఎవరయ్యా జవాబు చెప్పేది? రాస్తారా, ఈ గుమ్మంలోనే కూర్చోమంటారా?"

డాక్టరు కలం తీసి, ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. "మిమ్మల్నెక్కడో చూసినట్టుంది."

"బస్సులో చూసుంటారు. రాయండి."

రాశాడు. సిరా ఆరకముందే ఆమె చీటీ లాక్కుంది.

స్కాన్ గదిలో టెక్నీషియన్ అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. చీటీ చూసి, పాపని చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. మంచం మీద పడుకోబెట్టి ఛాతీకి చల్లటి జెల్ రాసేసరికి పాప "అమ్మా!" అని కెవ్వుమంది. ఆడవాళ్లిద్దరూ ఒక్కసారే ముందుకు వంగారు. మరుక్షణం కండక్టరమ్మ వెనక్కి తగ్గి గోడ వైపు తిరిగి నిలబడింది. స్కాన్ తెర వైపు చూడలేదు.

టెక్నీషియన్ చెయ్యి ఒకచోట ఆగింది. కాస్త జరిగి, మళ్లీ అక్కడికే వచ్చింది. అతను ఫోనందుకున్నాడు.

డాక్టరు పరుగున వచ్చాడు. తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు. తల తిప్పేసరికి అతని ముఖంలో ఇందాకటి చిరాకు లేదు.

"గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి ఉబ్బుతోంది. గుండె బలం కూడా తగ్గింది. ఇప్పుడే చేర్చుకుని మందు ఎక్కిస్తాం. భయపడకండి, నయమయ్యే అవకాశం బాగా ఉంది. సమయానికి పట్టుకున్నాం."

"పట్టుకున్నామా? ఎవరు?"

డాక్టరు తల దించుకున్నాడు. "నిజమేనమ్మా. ఎల్లుండి దాకా ఆగి ఉంటే..."

"ఆగితే ఏమవుతుందో చెప్పకండి. నాకు తెలుసు."

పాప ఏడుపు ఆపి వెక్కుతోంది. ఆ అమ్మాయి పాప పాదాలు రెండూ గుప్పిట్లో పెట్టుకుంది.

నర్సు కాగితాలు తెచ్చి కండక్టరమ్మ ముందు పెట్టింది. "చేర్చుకోవాలంటే తల్లి సంతకం కావాలి. ఇక్కడ పెట్టండమ్మా."

కండక్టరమ్మ కలం అందుకుని, గంట కిందట చీటీల లైనులో పరిచయమైన ఆ అమ్మాయి చేతిలో పెట్టి, తన కూతురి మరణ ధ్రువపత్రం ఇచ్చే కౌంటరు ఎటువైపో నర్సుని అడిగింది.